అమ్మడికి మామయ్య ఉత్తరం: పాత ఆంప్లిఫయర్ వయసు చదవడం

అమ్మడూ,

నీ ఉత్తరం, ఫోటోలు అన్నీ అందాయి. కొన్నిటిని పెద్దవి చేసి మళ్లీ మళ్లీ చూశాను. ఫెండర్ కంపెనీ డీలక్స్ రివర్బ్ గిటార్ ఆంప్లిఫయర్, అదీ నల్ల ముందు ప్యానెల్‌తో ఉన్నది, మన ఇంట్లో వాయించే మనిషి చేతికే వచ్చిందంటే రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

అమ్మినాయన "ఇది 1963 నాటిది, లోపలి చీటీ మీదే రాసుంది" అన్నాడని రాశావు. ఆయన అబద్ధం చెప్పలేదు. చదవడంలో పొరబడ్డాడు, అంతే. పెట్టె లోపలి గోడకి అంటించిన ట్యూబ్ చార్ట్, అంటే ఏ వాల్వు ఎక్కడుంటుందో చూపే చీటీ, దాని మీద ఏబీ763 అని ఉంది కదా, అది సర్క్యూట్ పేరు. 7 అంటే జులై, 63 అంటే 1963. ఆ డిజైన్ ఆ నెలలో ఖాయమైందని దాని అర్థం. అదే డిజైన్‌తో ఫెండర్ వాళ్లు ఆ తర్వాత కొన్నేళ్లపాటు ఆంప్లిఫయర్లు చేశారు. చట్టం వచ్చిన ఏడాది వేరు, దాని కింద ఇల్లు కట్టిన ఏడాది వేరు. ఇంకో సంగతి, చీటీ మీద ఏబీ763 అని ఉన్నంత మాత్రాన లోపల వైరింగు కచ్చితంగా అదే ఉంటుందని కూడా అనుకోకు. మిగిలిపోయిన చీటీలు వాడేసిన సందర్భాలు ఉన్నాయి.

అసలు తారీఖు అదే చీటీ మీద, ఇంకుతో కొట్టిన రెండు అక్షరాల ముద్రలో ఉంది. నీ పదకొండో ఫోటోలో అంచున మసకగా "ఓసీ" అని కనిపిస్తోంది. ఫెండర్ లెక్కలో మొదటి అక్షరం సంవత్సరం. 1951కి ఏ, 1952కి బీ, అలా వరసగా వెళితే 1964కి ఎన్, 1965కి ఓ. రెండో అక్షరం నెల. ఏ అంటే జనవరి, సీ అంటే మార్చి. అంటే ఆ చీటీ అంటించింది 1965 మార్చిలో. ఆ ముద్ర ఉన్న చోట తడిగుడ్డ గానీ, స్పిరిటు గానీ, చివరికి నీ బొటనవేలు గానీ తగలనివ్వకు. నా మొదటి రోజుల్లో ఒక బ్రౌన్ ఫెండర్‌ని అద్దంలా మెరిపించాలని లోపలంతా తుడిచాను. రెండు నిమిషాల్లో ముద్ర గుడ్డ మీదకి వచ్చేసింది. దానికి ఉన్న ఒకే ఒక్క పుట్టిన తేదీని చెరిపేసింది నేనే. ఇన్నేళ్లయినా ఆ గుడ్డ మీది నీలం మరక నా కళ్ల ముందే ఉంది.

అయితే ఆ ముద్ర ఒక్కదాన్నే నమ్ముకుని కూర్చోకు. ఆంప్లిఫయర్ అంటే పదిమంది దగ్గర చేయించిన భాగాల కూడిక. ఒక్కొక్కటీ తన పుట్టిన వారం తన ఒంటి మీదే రాసుకుని వస్తుంది. అవన్నీ ఒకే మాట చెబుతున్నాయా లేదా అని చూడడమే మన పని.

ఛాసీ, అంటే భాగాలన్నీ బిగించిన రేకు డబ్బా, విప్పేముందు ఒక మాట. ప్లగ్గు పీకేసినంత మాత్రాన లోపల కరెంటు పోదు. ఫిల్టర్ కండెన్సర్లు 400 వోల్టులు దాటిన ఛార్జిని పట్టుకుని ఉంటాయి, ఒక్కోసారి చాలాసేపు. మీటరుని డీసీలో పెట్టి, నల్ల కొన ఛాసీకి, ఎర్ర కొన కండెన్సర్ ప్లస్ కొనకి ఆనించి చూడు. వోల్టులు మిగిలి ఉంటే పవర్ రెసిస్టర్ కట్టిన క్లిప్ వైరుతో నెమ్మదిగా దింపు, మళ్లీ కొలువు. స్క్రూడ్రైవర్‌తో టప్పున షార్ట్ చేసే పద్ధతి చాలామంది చేస్తారు, నువ్వు మాత్రం చెయ్యకు. మొదటిసారి పని తెలిసినవాళ్లని పక్కన కూర్చోబెట్టుకునే విప్పు. ఈ ఒక్క విషయంలో నీ ధైర్యాన్ని నేను మెచ్చుకోను.

ఇప్పుడు పాట్ల దగ్గరికి వద్దాం, అంటే నాబ్ తిప్పితే విలువ మారే రెసిస్టర్లు. ముందు ప్యానెల్ నాబ్‌ల వెనక తొమ్మిది ఉంటాయి. నార్మల్ ఛానెల్‌కి మూడు, వైబ్రాటో ఛానెల్‌కి వాల్యూమ్, ట్రెబుల్, బేస్, రివర్బ్, స్పీడ్, ఇంటెన్సిటీ. ఒక్కోదాని ఒంటి మీద అంకెలు నొక్కి ఉంటాయి. అమెరికాలో విడిభాగాల పరిశ్రమ ఒక్కో తయారీదారుకి ఒక్కో సంఖ్య ఇచ్చింది. 137 అంటే సీటీఎస్, 304 అంటే స్టాక్‌పోల్. నీ ఫోటోల్లో ఎక్కువ పాట్ల మీద 1376446 అని ఉంది. మొదటి మూడు అంకెలు సీటీఎస్‌వి, తర్వాతి 64 అంటే 1964, చివరి 46 ఆ ఏడాదిలో వారం. నవంబరు మధ్య అన్నమాట. ఏడు పాట్లు ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. 1940లు, 1950లలో చేసిన వాటిలో సంవత్సరానికి ఒకే అంకె వేసేవారు. 304842 అని ఉంటే 8 అనేది 1948 కావచ్చు, 1958 కావచ్చు. అలాంటప్పుడు దశాబ్దాన్ని మిగతా ఆధారాలతో తేల్చుకోవాలి.

ఎనిమిదోది, వైబ్రాటో ట్రెబుల్ పాట్, 1377214 అంటోంది. 1972, పద్నాలుగో వారం. తొందరపడి ఆంప్లిఫయర్ మొత్తాన్ని 1972కి నెట్టెయ్యకు. ఆ పాట్ వెనకవైపు టంకం చూడు. మిగతా వాటి మీద టంకం వయసుతో మసకబారి, ఫ్లక్సు గోధుమరంగు పెంకులా గట్టిపడి ఉంది. దీని మీద మాత్రం పెద్ద ముద్దగా, ఇంకా మెరుస్తూ ఉంది. మిగతా వైర్లన్నిటికీ గుడ్డ తొడుగు ఉంటే దీనికి వచ్చేవాటికి ప్లాస్టిక్ తొడుగు. ఎవరో ఎప్పుడో మార్చారు. తొమ్మిదోది, రివర్బ్ పాట్, నీ ఫోటోలో నీడలో పడిపోయింది. చిన్న అద్దం పెట్టి, పక్క నుంచి టార్చి కొట్టి మళ్లీ తీసి పంపు.

నేను పాటించే సూత్రం ఒకటే. ఫ్యాక్టరీలో వేసిన భాగాలలో అన్నిటికంటే కొత్తది ఏదో తేల్చు. ఆంప్లిఫయర్ దానికంటే ముందు పుట్టే వీలు లేదు. అందుకే ఏ భాగం ఫ్యాక్టరీది, ఏది తర్వాత వేసింది అనేది ముందు తేలాలి. అంకెలు ఎవరైనా చదవగలరు. నలభై ఏళ్ల బెంచీ పనిలో నేను నేర్చుకుందల్లా టంకం చదవడమే. ఒకసారి కరిగిన చోటే మళ్లీ కరిగించి కొత్త తీగ పెడితే పాత టంకం, కొత్త టంకం మధ్య గీత కనిపిస్తుంది. లగ్గు మీద, అంటే తీగ అతికే లోహపు కొన మీద, రెండు రకాల రంగులు ఉంటాయి. పాత తీగ కత్తిరించిన ముక్క లోపల ఇరుక్కుని ఉండొచ్చు. పక్కనున్న వైరు తొడుగు టంకం పెట్టే ఇనుము వేడికి కమిలి ఉండొచ్చు. వీటిని భూతద్దంతో, ఓపిగ్గా, ఒక్కొక్క అతుకునీ చూడాలి.

ట్రాన్స్‌ఫార్మర్లు నీ ఆంప్లిఫయర్‌కి ప్రాణం. మీద 606 ఉంటే షూమాకర్ కంపెనీది. పవర్ ట్రాన్స్‌ఫార్మర్ మీద 606-448, అవుట్‌పుట్ దాని మీద 606-503 అని చదివాను. 4 అంటే 1964, 48వ వారం. 5 అంటే 1965, మూడో వారం. పాట్లు, ఈ రెండు ట్రాన్స్‌ఫార్మర్లు, అన్నీ ఒకే కాలం మాట్లాడుతున్నాయి చూశావా! ట్రాన్స్‌ఫార్మర్ మార్చి ఉంటే బిగించిన నట్ల చుట్టూ ఛాసీ మీద పాత దాని నీడ కనిపిస్తుంది. కొత్తది అంతే వెడల్పు లేకపోతే దుమ్ము పట్టని అంచు బయటపడుతుంది. నీదాన్లో అలాంటిది లేదు.

స్పీకర్ అంచు మీద 465-507 అని ఉంది. 465 ఆక్స్‌ఫర్డ్, 1965 ఏడో వారం. నీ ఆంప్లిఫయర్‌లో ఇదే అన్నిటికంటే కొత్త ఫ్యాక్టరీ భాగం. ఫిబ్రవరి మధ్యలో స్పీకర్ పుట్టింది, మార్చిలో చీటీ మీద ముద్ర పడింది. ఇంతకంటే చక్కగా కుదరదు. కానీ ఆ అంకె చట్రం వయసే చెబుతుంది. కోన్, అంటే స్పీకర్‌లో ఊగే కాగితపు గరాటు, చిరిగితే చట్రం అలాగే ఉంచి కొత్త కోన్ అంటించడం మామూలే. కోన్ అంచు జిగురు, మధ్య మూత చుట్టూ ఉన్న గీత దగ్గర నుంచి ఫోటో తీసి పంపు. ఎప్పుడైనా 220 కనిపిస్తే అది జెన్సెన్. జెన్సెన్ పేర్లలో పీ అక్షరంతో మొదలైతే ఆల్నికో మాగ్నెట్, సీ అయితే సిరామిక్.

ప్యానెల్ మీద ఇంకా "ఫెండర్ ఎలక్ట్రిక్ ఇన్‌స్ట్రుమెంట్ కంపెనీ" అనే ఉందని, సీబీఎస్ అనే అమెరికా ప్రసార సంస్థ 1965 జనవరిలో కంపెనీని కొనేసింది కదా అని అనుమానపడ్డావు. యజమాని మారిన రోజే ప్యానెళ్లు మారవు. ఉన్న సరుకు అయ్యేదాకా అవే బిగించారు. "ఫెండర్ మ్యూజికల్ ఇన్‌స్ట్రుమెంట్స్" అనే పేరు ఆ ఏడాదే తర్వాత వచ్చింది. ఛాసీ వెనక కొట్టిన సీరియల్ నంబరుని కూడా అతిగా నమ్మకు. నంబరు వేసిన ఛాసీలు గుట్టగా ఉండేవి, చేతికి వచ్చిన వరసలో వాడుకున్నారు.

వాల్వుల గురించి, అదే ట్యూబుల గురించి, ఆశ పెట్టుకోకు. అవి అరిగిపోయే సరుకు. రెండు 6వీ6లు, జీజెడ్34 రెక్టిఫయర్, చిన్న వాల్వులు ఆరు, ఇన్నేళ్లలో ఎన్నిసార్లు మారాయో ఎవరికి తెలుసు. పాతవి దొరికితే సంతోషించు, వయసు లెక్కకి మాత్రం వాడకు. ఎప్పుడైనా మల్లార్డ్ వాల్వు కనిపిస్తే గాజు అడుగున సన్నగా చెక్కిన రెండో వరస చూడు. బీ అయితే బ్లాక్‌బర్న్ ఫ్యాక్టరీ, తర్వాత ఏడాది అంకె, నెల అక్షరం, వారం అంకె ఉంటాయి. బ్రిటన్ ఆంప్లిఫయర్లు, మార్షల్, వాక్స్ లాంటివి, చదవడానికి వేరే అలవాటు కావాలి. వాటిలో అమెరికా అంకెలు వెతికితే దొరకవు. మార్షల్ అయితే 1969 మధ్యదాకా ముందు ప్యానెల్ ప్లెక్సిగ్లాస్, తర్వాత అల్యూమినియం. ఆ కథ ఇంకో ఉత్తరంలో రాస్తాను.

ఇక నీ మనసుని బాధపెట్టిన సంగతి. లోపల ఫిల్టర్ కండెన్సర్లు మార్చేశారని, వెలుపల రెండు కాళ్ల ప్లగ్గు బదులు మూడు కాళ్లది ఉందని, ఇక "ఒరిజినల్" కాదేమోనని రాశావు. అమ్మడూ, ఆ రెండూ చేసినవాళ్లకి నేనైతే దండం పెడతాను. ఎలక్ట్రొలిటిక్ కండెన్సర్లలో లోపలి ద్రవం ఎండిపోతుంది. అరవై ఏళ్ల కండెన్సర్ పేలితే నీ పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌ని వెంట తీసుకుపోతుంది. పాత రెండు తీగల పద్ధతిలో మెయిన్స్‌కీ ఛాసీకీ మధ్య ఒక కండెన్సర్ ఉండేది. అది షార్ట్ అయితే ఛాసీ మొత్తం కరెంటెక్కుతుంది, నీ గిటార్ తీగలు ఛాసీకే కలిసి ఉంటాయి. ఎర్త్ తీగ లేని ఆంప్లిఫయర్‌ని నువ్వు ముట్టుకోవడం నాకిష్టం లేదు. ఎంత ఒరిజినల్ అయినా సరే.

మార్చకూడనివి వేరే ఉన్నాయి. సిగ్నల్ దారిలో ఉన్న ఆ నీలం కండెన్సర్లు ఇప్పటికీ బాగానే ఉంటాయి. లీకేజీ కొలిచి, తప్పు తేలితేనే తియ్యి. గోధుమరంగు కార్బన్ రెసిస్టర్లు ఓముల విలువ పెరిగినా, గుసగుసలాడకపోతే ఉండనివ్వు. పాత వస్తువుల్ని ప్రేమిస్తున్నామనుకుంటూ సగం ఊడబీకి, మెరిసే కొత్త భాగాలు నింపేవాళ్లని చాలామందిని చూశాను. ఆ చేతుల్లోంచి వచ్చిన ఆంప్లిఫయర్‌లో చదవడానికి ఏమీ మిగలదు. ఏదైనా తీయాల్సి వస్తే తీసిన ముక్కని చిన్న కవరులో వేసి, ఎక్కడ తీశావో, ఏ తేదీన తీశావో రాసి, పెట్టె అడుగున పడెయ్యి.

ఆన్ చేసేముందు వెనక ప్లేటు మీద 117 వోల్టులు అని రాసుంది చూడు. ఆ వోల్టేజీ ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా గోడ ప్లగ్గుకి తగిలించకు. స్పీకర్ తగిలించకుండా అసలే ఆన్ చెయ్యకు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. చాలా ఏళ్లు మూలన పడున్నదైతే మొదటిసారి లైన్‌లో బల్బు కట్టి చూసేవాళ్ల చేతే చూపించు.

అద్దం పెట్టి తీసిన రివర్బ్ పాట్ ఫోటో, స్పీకర్ కోన్ అంచు, చోక్ (కరెంటుని నునుపు చేసే చిన్న తీగచుట్ట) మీది అంకెలు, ఈ మూడు పంపు. చోక్ కూడా 606తో మొదలై 4తోనో 5తోనో ఉంటే, దీని ఎముకలన్నీ పుట్టినప్పటివే అని రాసి సంతకం పెట్టి నీకు పంపుతాను. ట్రెబుల్ పాట్ మాత్రం అలాగే ఉండనివ్వు. 1972లోనో ఆ తర్వాతో ఎవరికో పాడైతే బాగు చేయించుకున్నారు. అంటే అప్పటికి కనీసం ఏడేళ్లుగా దీన్ని వాయిస్తూనే ఉన్నారన్నమాట.

మామయ్య