కార్డు మీద తేదీ వేరు, రోజుల లెక్క వేరు

ఒక పది రోజులు కెనడా వెళ్లి వస్తే పీఆర్ (శాశ్వత నివాస హోదా) రోజుల లెక్క మళ్లీ కొత్తగా మొదలవుతుందా అని అడిగారు. ముందు దానికి సూటిగా చెబుతాను. పది రోజులు వెళ్లి వస్తే ఏదీ రీసెట్ కాదు. ఆ మాట మీకు ఎవరు చెప్పినా తప్పే చెప్పారు.

కెనడా పీఆర్ వచ్చి నాలుగేళ్లయిందని, అందులో అక్కడ ఉన్నది 14 నెలలేనని, అమ్మగారి డయాలిసిస్ వల్ల అప్పటినుంచీ విజయవాడ పటమటలోనే ఉన్నానని రాశారు. పీఆర్ నిలవాలంటే అయిదేళ్లలో 730 రోజులు కెనడాలో ఉండాలి. 14 నెలలంటే సుమారు 425 రోజులు, ఇంకా 305 కావాలి. మీ మొదటి అయిదేళ్లు నిండటానికి మిగిలింది ఒక ఏడాది. కాబట్టి మీ చేతిలో ఉన్నది రెండు నెలలు. ఈలోపు బయలుదేరి, అక్కడే ఉండిపోగలిగితే లెక్క సరిపోతుంది.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేనూ ఇలాగే పీఆర్ కార్డు మీద గడువు చూసుకుని ధీమాగా కూర్చున్నాను. 2010 మే 10న మేం కెనడాలోని మిస్సిస్సాగాలో దిగాం. 2011 నవంబరులో నాన్నకు పక్షవాతం వచ్చిందని ఫోన్ వస్తే, మావారిని అక్కడే ఉద్యోగంలో ఉంచి నేనొక్కదాన్నే గుంటూరు వచ్చేశాను. నెలలు ఏళ్లయ్యాయి. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక కన్సల్టెన్సీలో అడిగితే, "కార్డు 2015 దాకా ఉందిగా అమ్మా, అప్పుడు చూసుకుందాం" అన్నారు. నమ్మాను. కార్డు తేదీ కార్డుదే. అది ఉన్నంత మాత్రాన 730 రోజుల షరతు తీరినట్టు కాదు, అది అయిపోయినంత మాత్రాన పీఆర్ పోయినట్టూ కాదు. ఈ రెండు ముక్కలూ అప్పుడు నాకు ఎవరూ చెప్పలేదు.

2014 వేసవిలో ఒక రాత్రి నాన్న నిద్రపోయాక, బ్రాడీపేట ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద పాస్‌పోర్టు, పాత టికెట్లు, గోడ క్యాలెండర్ పరుచుకుని కూర్చున్నాను. దిగిన రోజు నుంచి తిరిగొచ్చిన రోజు దాకా 555 రోజులు. మధ్యలో మాఘమాసంలో చెల్లి పెళ్లికి వచ్చిన ప్రయాణం తీసేయాలి. టికెట్ల ప్రకారం 23 రోజులు. అయితే కెనడాలో ఒక పూట ఉన్నా ఆ రోజు లెక్కలోకి వస్తుంది కనుక, బయలుదేరిన రోజు, తిరిగి చేరిన రోజు నావే. తీసేయాల్సింది 21. మిగిలింది 534. ఇంకా 196 కావాలి. నా అయిదేళ్లు నిండే 2015 మే 9 నుంచి వెనక్కి లెక్కపెడుతూ వస్తే వేలు అక్టోబరు 26 మీద ఆగింది. ఆ తేదీ దాటితే నాకు దారి లేదు. చేతులు చల్లబడ్డాయి.

దసరా కాగానే బయలుదేరాను. నాన్నను చెల్లి తెనాలి తీసుకెళ్లింది.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది, దీని దగ్గరే చాలామంది దెబ్బతింటారు. మేలో 730 దాటగానే వెనక్కి వచ్చేద్దామనుకున్నాను. మావారు ఆపారు. మొదటి అయిదేళ్లు దాటాక, ఏ రోజు చూస్తే ఆ రోజు నుంచి వెనక్కి అయిదేళ్లు లెక్కిస్తారు. అంటే 2010 మేలో నేనున్న రోజులు ఒక్కొక్కటే వెనక నుంచి రాలిపోతుంటాయి. అక్కడే ఉంటే రాలినదాని బదులు కొత్తది చేరుతుంది. గుంటూరు వచ్చేస్తే రాలడమే తప్ప చేరడం ఉండదు. అందుకే 2016 అక్టోబరు దాకా కదల్లేదు. ఆ రెండేళ్లూ నాన్నను వీడియో కాల్‌లోనే చూశాను. మీరూ రెండేళ్లు వరసగా ఉండేలా మనసు సిద్ధం చేసుకుని వెళ్లండి.

కెనడా పౌరసత్వం ఉన్న భర్తతోనో భార్యతోనో కలిసి ఇండియాలో ఉన్నా, కెనడా కంపెనీయే ఫుల్‌టైమ్ ఉద్యోగం మీద ఇక్కడికి పంపినా ఆ రోజులు కలుస్తాయి. కలిసి ఉండాలి, అది ముఖ్యం. మీరు రాసినదాంట్లో అలాంటిదేమీ కనిపించలేదు.

అమ్మగారిని వదిలి వెళ్లలేని పరిస్థితే అయితే రోజులు తగ్గాయని దాచకండి. మానవతా కారణాలు చూపించి అడిగే హక్కు చట్టంలోనే ఉంది. డయాలిసిస్ రికార్డులు, డిశ్చార్జి సమ్మరీలు, డాక్టరు రాసిచ్చిన ఉత్తరం, ఇంట్లో చూసుకోవడానికి ఇంకెవరూ లేరని చూపే కాగితాలు ఇవాళ్టి నుంచే ఒక ఫైల్లో పెట్టండి. ఆఫీసరు ఒప్పుకుంటారన్న హామీ లేదు, ఒట్టి మాటల కంటే కాగితానికే విలువ.

ఇక్కడ ఉండగా కార్డు గడువు అయిపోతే విమానం ఎక్కనివ్వరు. కెనడా తిరిగి వెళ్లడానికి ఇచ్చే పీఆర్ ట్రావెల్ డాక్యుమెంట్‌కి అప్లై చేయాలి. అప్పుడు మీ అయిదేళ్లూ తిరగేస్తారు. రోజులు చాలవని తిరస్కరిస్తే అప్పీలుకు 60 రోజుల గడువు ఉంటుంది. ఆ ఉత్తరం వస్తే బాధతో పక్కన పడేయకండి, అప్పీలు తేలేదాకా మీరు పీఆరే.

మీరు దిగిన తేదీ, ఆ 14 నెలల్లో కెనడా దాటి వెళ్లివచ్చిన తేదీలు ఇక్కడ రాయండి. ఈ రాత్రికే కూర్చుని మీ ఆఖరి తేదీ లెక్కకట్టి చెబుతాను.