పాట బాగానే ఉంది, వీడియోలోనే ఏదో తేడా

ఈసారి వచ్చిన సందేహాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి. ఇంట్లో పాడుకున్నదో వాయించుకున్నదో ఫోన్‌లో తీసి నలుగురికీ చూపించాలి. తీరా తీసింది చూసుకుంటే మనసు ఒప్పుకోవడం లేదు. అందుకే ప్రింటర్లనూ పాస్‌వర్డులనూ వచ్చేసారికి వాయిదా వేసి, చోటంతా వీటికే ఇస్తున్నాను.

ప్రశ్న: కీబోర్డు వాయిస్తూ పాడతాను. గదిలో వింటే బాగుందంటారు. ఫోన్‌లో తీస్తే మాత్రం నూతిలోంచి పాడినట్టు వస్తోంది. ఇంకాస్త ఖరీదైన ఫోన్ కొంటే బాగుపడుతుందా?

బాగుపడదు. బొమ్మ మెరుగవుతుందేమో కానీ, నుయ్యి అలాగే ఉంటుంది.

మీరూ కీబోర్డూ మొత్తం ఫ్రేములోకి రావాలని ఫోన్‌ను రెండు మూడు మీటర్ల దూరంలో పెట్టి ఉంటారు. మైకు కూడా ఆ ఫోన్‌లోనే ఉంది కాబట్టి అదీ మీకు అంతే దూరమైంది. దాన్ని చేరే శబ్దం రెండు రకాలు: మీ నోటి నుంచి నేరుగా వెళ్లేది, గోడలకూ నేలకూ తగిలి తిరిగొచ్చేది. ఆరుబయట దూరం రెట్టింపయితే నేరుగా వచ్చే శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. గదిలోనూ నేరుగా వచ్చేది అలాగే తగ్గుతుంది కానీ, గోడల నుంచి తిరిగొచ్చేది గదంతా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. కాబట్టి మైకు దూరమయ్యే కొద్దీ మీ గొంతు తగ్గి, గది మిగులుతుంది. ఎదురుగా కూర్చుని వినేవాళ్లకు ఈ తేడా పెద్దగా తెలియదు. వాళ్లకు రెండు చెవులున్నాయి, ఏది వినాలో ఏరుకునే మెదడుంది. మైకుకు ఆ విచక్షణ లేదు.

నమ్మకం కుదరకపోతే ఇప్పుడే చూడండి. ఒకే పల్లవిని ఫోన్ రెండు మీటర్ల దూరంలో పెట్టి ఒకసారి, అర మీటరులో పెట్టి ఒకసారి పాడి, ఇయర్‌ఫోన్స్‌తో వినండి. కొత్త ఫోన్ ఆలోచన అక్కడే ఆగిపోతుంది.

చేయాల్సిందల్లా కన్నునూ చెవినీ విడదీయడమే. వీడియో తీసే ఫోన్‌ను దాని దూరంలోనే ఉంచండి. ఇంట్లో మూలపడి ఉన్న పాత ఫోన్‌లో రికార్డర్ యాప్ తెరిచి, ఫ్రేములో కనబడకుండా మీకు దగ్గరగా పెట్టండి. కీబోర్డు స్టాండు మీద మాత్రం వద్దు, మీట నొక్కిన ప్రతిసారీ దడదడ స్టాండు గుండా మైకులోకి ఎక్కుతుంది. పక్కన ఓ స్టూలు మీద, మడతపెట్టిన తువ్వాలు వేసి పెట్టండి. రెండు ఫోన్లనూ ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచండి. పాట మధ్యలో కాల్ వస్తే రికార్డింగ్ ఆగిపోవచ్చు.

గదిని పరీక్షించడానికి మధ్యలో నిలబడి ఒక్క చప్పట్లు కొట్టండి. వెనక సన్నగా మోత వినిపిస్తే ఆ గోడల మధ్య ఏదైనా మెత్తనిది ఉండాలి. మందపాటి కర్టెన్, పరుపు, బట్టలతో నిండిన బీరువా తలుపులు తెరిచి పెట్టడం, ఇవన్నీ పనికొస్తాయి. గోడకు గుడ్ల అట్టలు అతికించమనే సలహా ఒకటి ఎప్పటినుంచో తిరుగుతోంది. అది అలంకారానికే తప్ప శబ్దం పీల్చుకోవడానికి పెద్దగా పనికిరాదు.

ప్రశ్న: వయొలిన్ నేర్చుకుంటున్నాను. గట్టిగా వాయించగానే రికార్డింగులో శబ్దం అణిగిపోయి, మళ్లీ మెల్లగా లేస్తోంది. సాగదీసిన స్వరం ఒక్కోసారి మధ్యలోనే మాయమవుతోంది. నా బో పట్టులో లోపమా?

మీ చేతిలో ఏ లోపమూ లేదు. ఫోన్ మిమ్మల్ని మాట్లాడుతున్న మనిషి అనుకుంటోంది. మాట చిన్నగా ఉంటే పెంచడం, పెద్దదైతే తగ్గించడం దానికి నేర్పిన పని. దీన్నే ఆటోమేటిక్ గెయిన్ అంటారు. సంగీతంలో గట్టిగానూ మెత్తగానూ వాయించడంలోనే అందమంతా ఉంటుంది కదా, అది దాన్ని చదును చేసేస్తుంది. ఇక మాయమయ్యే స్వరం నాయిస్ తగ్గించే ఫీచర్ పని కావచ్చు. మార్పు లేకుండా సాగే శబ్దం ఏదైనా దానికి ఫ్యాన్ మోతలాగే అనిపిస్తుంది.

ఆండ్రాయిడ్‌లో ఓపెన్ కెమెరా అనే ఉచిత యాప్ ఉంది. దాని సెట్టింగ్స్‌లో ఆడియో సోర్స్ దగ్గర ‘అన్‌ప్రాసెస్డ్’ ఎంచుకుంటే, ఫోన్ సహకరించిన మేరకు ఈ దిద్దుబాట్లు ఆగుతాయి. ఐఫోన్‌లో మాటను మాత్రమే ఉంచి మిగతా శబ్దాన్ని అణిచే వాయిస్ ఐసొలేషన్ లాంటిది ఆన్‌లో ఉంటే తీసేయండి. రికార్డర్ యాప్‌లో గెయిన్ చేత్తో పెట్టుకునే వీలుంటే, పాటలో అన్నిటికంటే గట్టిగా వచ్చే చోటు వాయించి, శబ్దం స్థాయి చూపే మీటరు మైనస్ 12, మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఆగేలా సర్దుకోండి. సున్నాను తాకితే శబ్దం పగిలిపోతుంది, ఆ తర్వాత ఎడిటింగులో ఎంత తంటాలు పడ్డా పూర్తిగా అతకదు. తక్కువగా రికార్డయిన దాన్ని మాత్రం హాయిగా పెంచుకోవచ్చు.

ప్రశ్న: మీరు చెప్పినట్టే ఆడియో వేరుగా తీస్తున్నాను. మొదట్లో పెదవులూ పాటా కలుస్తున్నాయి, నాలుగో నిమిషానికి వచ్చేసరికి విడిపోతున్నాయి. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

ముందు, మొదట్లో కలపడం ఎలాగో తెలియని వాళ్ల కోసం ఒక మాట. రెండు ఫోన్లూ నడుస్తుండగా కెమెరాకు కనిపించేలా చప్పట్లు కొట్టండి. ఎడిటింగులో వీడియోను ఒక్కో ఫ్రేమే జరుపుతూ పోతే ఒకచోట చేతుల మధ్య సందు ఉంటుంది, తర్వాతి ఫ్రేములో అరచేతులు అతుక్కుని ఉంటాయి. ఆడియో గీతలో అదే చోట గడ్డిపరక నిటారుగా నిలబడ్డట్టు ఒక ముల్లు కనిపిస్తుంది. ఆ ముల్లును ఆ ఫ్రేము కిందికి జరిపితే పని అయిపోయినట్టే. సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో ఒక్కో ఫ్రేము 33 మిల్లీసెకన్లు. ఒక ఫ్రేము అటూ ఇటూ అయినా ఎవరూ పట్టుకోలేరు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సిఫార్సు ప్రకారం శబ్దం బొమ్మకంటే 45 మిల్లీసెకన్లు ముందొచ్చినా, 125 మిల్లీసెకన్లు ఆలస్యమైనా చూసేవాళ్లకు తేడా తెలియడం మొదలవుతుంది. అంటే పెదవి కదలకముందే వినిపించడం మనకు ఎక్కువ ఎబ్బెట్టు. పిడుగు విషయంలోనూ మెరుపే ముందు కదా.

ఇక మీ సమస్య. రెండు పరికరాల గడియారాల మధ్య చిన్న తేడా ఎప్పుడూ ఉంటుంది. కానీ నాలుగు నిమిషాల్లో కంటికి కనబడేంత జారుడుకు అది చాలదు. నా అనుమానం ఫ్రేమ్ రేటు మీద. వెలుగు తగ్గినప్పుడూ, ఫోన్ వేడెక్కినప్పుడూ సెకనుకు 30 ఫ్రేములని చెప్పి ఒకసారి 29, ఒకసారి 24 తీస్తాయి చాలా ఫోన్లు. కొన్ని ఎడిటింగ్ యాప్‌లు ఇది గమనించకుండా అన్నీ సమానమే అనుకుని లెక్క కడతాయి. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ వీడియోను వేసి, ‘కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్’ పెట్టి కొత్త ఫైలు తీసుకోండి, ఎడిటింగ్ దానిమీద చేయండి. వచ్చేసారి గదిలో లైటు పెంచండి.

ఆడియో శాంపిల్ రేటు (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తారో ఆ లెక్క) 48 కిలోహెర్ట్జ్‌లోనే ఉంచండి, వీడియోకు వాడుక అదే. 44.1 అనేది ఆడియో సీడీల లెక్క. 48లో తీసిన ఫైలును ఏ సాఫ్ట్‌వేరైనా పొరపాటున 44.1 అనుకుని వినిపిస్తే పాట నెమ్మదించడమే కాదు, శ్రుతి కూడా దాదాపు ఒకటిన్నర సెమీటోన్ (కీబోర్డులో పక్కపక్క మీటల మధ్య తేడా ఒక సెమీటోన్) దిగిపోతుంది. మీ గొంతు మీకే కొత్తగా వినిపిస్తే ముందు ఇది చూడండి.

ప్రశ్న: హెడ్‌ఫోన్స్‌లో ట్రాకు వింటూ పాడుతున్నాను. తాళం తప్పడం లేదని నాకు తెలుసు. రికార్డింగులో మాత్రం ప్రతిసారీ వెనకబడుతున్నాను.

హెడ్‌ఫోన్స్‌కు వైరు ఉందా? లేకపోతే కారణం అదే. బ్లూటూత్‌లో శబ్దం చెవికి చేరడానికి సాధారణంగా 100 నుంచి 300 మిల్లీసెకన్లు పడుతుంది. నిమిషానికి 120 బీట్ల పాటలో ఒక బీటు అర సెకను. 200 మిల్లీసెకన్ల ఆలస్యమంటే దాదాపు సగం బీటు పోయినట్టే. సినిమా చూసేటప్పుడు యాప్ బొమ్మను కూడా ఆలస్యం చేసి సర్దేస్తుంది కాబట్టి మనకు తెలియదు. నేనూ ఒక సాయంత్రమంతా గిటార్ ముక్కొకటి పదిహేనుసార్లు తీసి, నాకు లయజ్ఞానమే లేదని నిర్ధారణకు వచ్చి పడుకున్నాను. పొద్దున్నే వైరున్న పాత ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే మొదటి టేకే సరిపోయింది.

ప్రశ్న: ఎడిటింగ్‌కు ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?

మీకు ఇప్పటికే అలవాటున్నది. కొత్తగా మొదలుపెడుతుంటే శబ్దానికి ఆడాసిటీ, వీడియోకు షాట్‌కట్. కంప్యూటర్ గట్టిదైతే డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ చాలు, రెండు ఆడియోలను గీతలు పోల్చి తనే కలుపుతుంది. ఐఫోన్, మ్యాక్ ఉన్నవాళ్లకు గ్యారేజ్‌బ్యాండ్ ఎలాగూ ఉచితమే.

పాటకు ముందు ఐదు సెకన్లు ఊరికే కూర్చోండి. ఆ ఖాళీ గది మోతను నమూనాగా చూపిస్తే ఆడాసిటీ పాట మొత్తంలోంచి దాన్ని తగ్గిస్తుంది. కొద్దిగానే వాడండి. ఎక్కువైతే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టుంటుంది. గొంతుకు మోత జోడించే రివర్బ్ కూడా అంతే. గదిలోంచి నుయ్యిని బయటికి పంపి, ఎడిటింగులో దాన్నే మళ్లీ పిలవడం ఎందుకు?

ప్రశ్న: వీడియోలో నల్లటి చారలు పైకి కిందికి కదులుతున్నాయి. పైగా గిటార్ ఎడమచేత్తో వాయిస్తున్నట్టుంది!

చారలు బల్బు పుణ్యం. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్నచోట కొన్ని లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కెమెరా ప్రో మోడ్‌లో (సెట్టింగులు చేత్తో పెట్టుకునే చోట) షట్టర్ వేగాన్ని 1/50 లేదా 1/100 సెకను చేయండి. 60 హెర్ట్జ్ ఉన్నచోట 1/60 లేదా 1/120. లేదంటే పగలు కిటికీకి ఎదురుగా కూర్చోండి, ఏ సెట్టింగూ అక్కర్లేదు. రెండోది సెల్ఫీ కెమెరా పని. కొన్ని ఫోన్లు అద్దంలో ఉన్నట్టే సేవ్ చేస్తాయి, సెట్టింగ్స్‌లో ‘మిర్రర్’ ఆపేస్తే సరి. వెనక కెమెరా వాడితే ఇంకా మంచిది. లెన్సు మీద వేలిముద్ర తుడవడం మరిచిపోకండి.

ప్రశ్న: యూట్యూబ్‌లో పెట్టగానే కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. పాడింది నేనే కదా! ఛానల్ పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

గొంతు మీదే. బాణీ, సాహిత్యం వేరొకరివి కావచ్చు. మీరు వాడిన కరోకే ట్రాక్ ఇంకొకరి రికార్డింగ్ కావచ్చు. ఒక్కోదానికీ విడివిడిగా హక్కులుంటాయి. కాపీరైట్ కాలం తీరిపోయిన పాత కీర్తన అయినా, దాన్ని ఎవరో ఈమధ్య రికార్డు చేసిన ట్రాకు మీద హక్కు వాళ్లదే.

కంగారు పడకండి, క్లెయిమ్ వేరు, ఛానల్ మీద పడే హెచ్చరికైన స్ట్రైక్ వేరు. క్లెయిమ్ వల్ల సాధారణంగా ఆ వీడియో మీద వచ్చే ప్రకటనల ఆదాయం హక్కుదారుకు వెళ్తుంది, కొన్నిసార్లు వీడియో కొన్ని చోట్ల కనబడదు. ఛానల్‌కు ముప్పు స్ట్రైక్ వల్ల, అదీ 90 రోజుల్లో మూడు పడితే. యూట్యూబ్ స్టూడియోలో ఆ వీడియో పక్కన ‘రిస్ట్రిక్షన్స్’ గడిలో ఏముందో తెరిచి చూడండి. క్లెయిమ్ బాణీ మీదో, ట్రాకు మీదో అక్కడే ఉంటుంది. ట్రాకు మీదైతే, అది లేకుండా మీరే కీబోర్డు వాయిస్తూ మళ్లీ తీసి పెట్టండి.