యాక్సిడెంట్లకు అసలు కారణం స్పీడా, పరధ్యానమా?

"స్పీడు తగ్గిస్తే చాలు, యాక్సిడెంట్లు వాటంతట అవే తగ్గుతాయి కదా" అని అడిగారు. రెండేళ్ల కిందటి దాకా నేనూ అదే అనేవాణ్ని. నా కారు అరవై దాటదని ఇంట్లో గొప్పలు చెప్పుకునేవాణ్ని కూడా.

యాసంగి కోతల టైం. ఎల్కతుర్తి దగ్గర మెయిన్ రోడ్డు వదిలి అత్తగారి ఊరికి లోపలి రోడ్డు పట్టాను. స్పీడు 45. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి అంచున రాళ్లు పెట్టారు. ఆ సీజన్‌లో మన దగ్గర చాలా ఊళ్లలో ఇంతే, అది వేరే పంచాయితీ. వడ్లు నాకు దూరం నుంచే కనిపించాయి. అంతలో పక్క సీట్లో ఫోన్ మోగింది. ఎవరా అని చూశాను, అంతే. తలెత్తేసరికి ఎడమ చక్రాలు వడ్ల మీదున్నాయి. బ్రేక్ తొక్కితే టైర్లు జారాయి. రాయి తగిలి బంపర్ పగిలింది, బండి పొలం ఒడ్డున ఆగింది. కాళ్లతో వడ్లు తిరగేస్తున్న పెద్దాయనకూ నా బండికీ మధ్య పది అడుగులు లేవు. ఉరికొచ్చి "దెబ్బలేం తాకలే కదా బిడ్డా?" అన్నాడు. ఆ వెంటనే "ఫోన్ జూసుకుంట నడుపుతున్నవా?" స్పీడు సంగతి అడగనే లేదు.

కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో దేశంలో 4,61,312 ప్రమాదాలు, 1,68,491 మరణాలు. మరణాల్లో 71 శాతం అతివేగం ఖాతాలోనే పడ్డాయి. ఫోన్ ఖాతాలో ప్రమాదాలు 2 శాతం కూడా లేవు. ఈ రెండో అంకెను నేను నమ్మను. ఫోన్ చూశానని ఎవరు ఒప్పుకుంటారు? ఆ రోజు మా మామకు నేనే కుక్క అడ్డమొచ్చిందని చెప్పాను.

అలాగని స్పీడును తేలిగ్గా తీసుకోవద్దు. 45లో రెండు సెకన్లు చూపు తిప్పితే బండి 25 మీటర్లు పోతుంది, 90లో 50 మీటర్లు. ఆ తర్వాత బ్రేక్ వేసినా ఆగడానికి పట్టే దూరం రెండింతలు కాదు, దాదాపు నాలుగింతలు. అవే రెండు సెకన్లు రఘునాథపల్లి దగ్గర హైవే మీద, రాత్రిపూట, లైట్లు లేకుండా ఆగిన లారీ ఎదురుగా ఉన్నప్పుడు అయితే ఈ జవాబు రాయడానికి నేనుండేవాణ్ని కాదు. నా లెక్కలో గుద్దుకోవడానికి ఎక్కువగా పరధ్యానమే కారణం. గుద్దుకున్నాక మనిషి మిగలడం మాత్రం స్పీడు మీదే ఉంటుంది.

ఇప్పుడు ఫోన్ వెనక సీట్లో, బ్యాగులో ఉంటుంది. బ్లూటూత్‌లో మాట్లాడితే ఏం కాదంటారు కొందరు. నేనూ కొన్నాళ్లు మాట్లాడాను. ఒకరోజు హైదరాబాద్ నుంచి వస్తూ, మడికొండలో తిరగాల్సిన వాణ్ని కాజీపేట దాకా వెళ్లిపోయాను. కళ్లు మాత్రం దారి పొడవునా రోడ్డు మీదే ఉన్నాయి.