లైంగిక వ్యసనం మానడానికి బెంగళూరులో గ్రూపులున్నాయట, వెళ్లొచ్చా?

మొదట పోర్న్, తర్వాత స్పాలు, ఇప్పుడు జీతంలో సగం దానికే పోతోంది, ఎంత అనుకున్నా మానలేకపోతున్నా, మాఘమాసంలో పెళ్లి అని రాశావు. గ్రూపులు పని చేస్తాయా, తెలిసినవాళ్లు కనిపిస్తే ఎలా, కాబోయే భార్యకి చెప్పాలా అని అడిగావు. 'అన్నలెవరైనా చెప్పండి' అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా తమ్ముడూ.

మాది ఒంగోలు దగ్గర పల్లె. 2012లో బెంగళూరు వచ్చి మారతహళ్లి పీజీలో దిగాను. గ్రూపుకి 2019 నుంచి వెళ్తున్నా. మధ్యలో రెండుసార్లు జారాను, అది ముందే చెప్పేస్తే నీకూ నాకూ మంచిది.

గ్రూపుకి ముందు నేను చేయని ప్రయత్నం లేదు. తిరుపతిలో మూడుసార్లు గుండు కొట్టించుకున్నా. అమ్మ మీద ఒట్టు పెట్టుకున్నా. ఫోన్లో బ్లాకర్ వేసి పాస్‌వర్డ్ రూమ్మేట్‌ని పెట్టమన్నా, రాత్రి రెండింటికి వాడు గురక పెడుతుంటే వాడి ఫోనే తీసుకున్నా. గోడ మీద రాతలు చూసి ఒక క్లినిక్‌కి కూడా వెళ్లాను. పద్దెనిమిది వేలు తీసుకుని బలం రావడానికి పొట్లాలు కట్టిచ్చారు. నా బాధ బలం లేక కాదు మహానుభావా అంటే వినేవాడు లేడు.

2015లో అయ్యప్ప మాల వేసుకున్నా. నలభై ఒక్క రోజులూ ఒక్కసారి కూడా తప్పు జరగలేదు. తెల్లవారుజామున చన్నీళ్లు, నేల మీద పడక, సాయంత్రం జాలహళ్లి గుళ్లోనో ఎవరింట్లోనో భజన. ఇక నయమైపోయింది అనుకున్నా. శబరిమల వెళ్లొచ్చి మాల తీసిన మూడో రోజు రాత్రి మళ్లీ అదే చోట ఉన్నాను. స్వామికి కూడా నేను అక్కర్లేదు అనుకుని ఆ రాత్రి ఏడ్చిన ఏడుపు ఇంకా గుర్తుంది.

చాలాకాలానికి తట్టింది, ఆ మండలం రోజులు నాతోపాటు ఎవరున్నారో. కళ్లు తెరిస్తే 'స్వామీ లేచారా' అని తలుపు కొట్టేవాడు ఒకడు. పడుకోబోతే పక్కన చాప వేసుకునేవాడు ఇంకొకడు. ఒంటరిగా ఒక గంట దొరికేది కాదు. మాల తీయగానే వాళ్లంతా ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు, నేను నా గదికి వచ్చాను. నిష్ఠ నాదే అనుకున్నా గానీ అందులో సగం వాళ్లదేనట.

గ్రూపు ఎలా ఉంటుందో చెప్తా. నేను వెళ్లేది ఒక చర్చి వెనక గది. ఎనిమిదో తొమ్మిదో ప్లాస్టిక్ కుర్చీలు. ఒకరు పన్నెండు మెట్లు చదువుతారు, తాగుడు మానేవాళ్ల గ్రూపు ఆల్కహాలిక్స్ అనానిమస్ వాళ్ల మెట్లే, మందు అన్నచోట మన సంగతి ఉంటుంది. తర్వాత ఒక్కొక్కరు మూడేసి నిమిషాలు మాట్లాడతారు. మధ్యలో ఎవరూ అడ్డు రారు, సలహా ఇవ్వరు, అయ్యో అనరు. మన ఇళ్లల్లో అలవాటు లేని పద్ధతి ఇది. ఒకడు ఏడుస్తుంటే ఆరుగురు ఆరు మందులు చెప్పే జాతి మనది. మొదటిసారి ఆ మౌనం నాకు మహా ఇబ్బందిగా అనిపించింది. వివరాలు కూడా చెప్పనివ్వరు. ఎక్కడికి వెళ్లాను, ఏం చూశాను అని వర్ణించబోతే ఆపుతారు, అది వింటే పక్కవాడికి మంట రాజుకుంటుంది కదా. చివర్లో డబ్బా తిప్పుతారు, ఇస్తే ఇవ్వచ్చు, లేకపోతే లేదు. ఫీజు లేదు.

నా మొదటి మీటింగ్‌లో మా మావయ్య వయసున్న ఒకాయన మాట్లాడాడు. జీతం పడిన రోజు ఇంటికి దారి మార్చడం, జరిగాక సిమ్ విరిచేయడం, పొద్దున్నే కొత్త సిమ్ కొనుక్కోవడం. నా సంగతి ఈయనకి ఎవరు చెప్పారా అని చెమటలు పట్టాయి.

ఆయనే నా స్పాన్సర్ అయ్యాడు. స్పాన్సర్ అంటే డబ్బిచ్చేవాడు కాదు, ముందే ఆ దారిలో నడిచి మనల్ని మెట్లు ఎక్కించేవాడు. ఆయనది హోసూరు తెలుగు. మొదటి వారమే ఒక మాట పెట్టాడు: 'జరిగినాక నాకు చేయొద్దప్పా. జరగకముందర చెయ్.' జరిగాక ఏడవడం నాకు బాగా వచ్చు, అందులో డాక్టరేట్ ఇవ్వచ్చు. ముందు ఫోన్ చేయడమే రాదు. చేస్తే ఆపేస్తారు, మనసులో ఒక మూల ఆపడం ఇష్టం లేదు, అసలు చిక్కు అక్కడుంది.

ఒక రాత్రి తొమ్మిదింటికి 500డి బస్సులో సిల్క్‌బోర్డ్ వైపు వస్తున్నా. నేను దిగకూడని స్టాపు ఇంకో రెండు స్టాపుల్లో ఉంది. చెయ్యి వణుకుతుండగా ఫోన్ చేశా. 'యాడుండావు? బస్సులోనా? సీటు దొరికిందా? కూర్చో, దిగొద్దు' అన్నాడు. ఆ తర్వాత నలభై నిమిషాలు రాగిముద్దలోకి ఏ పులుసు బాగుంటుందో చెప్పాడు. ధ్యానం లేదు, ధర్మం లేదు. ఆ ట్రాఫిక్‌ని ఏడేళ్లుగా తిట్టుకున్నవాణ్ని, ఆ రోజు ఒక్క రోజు మాత్రం దణ్ణం పెట్టుకున్నా. ఆ స్టాపు ఎప్పుడు దాటిపోయిందో గమనించలేదు. గ్రూపు పని చేస్తుందా అని అడిగావు కదా, నాకు పని చేసింది ఇలాగే. ఫోన్ నంబర్ల కాగితం తీసుకుని ఇంట్లో పెట్టుకున్నవాళ్లకి మీటింగ్ వల్ల పెద్దగా ఒరిగింది నేను చూడలేదు.

ఏ గ్రూపు అనేది కాస్త చూసుకో. ఇవన్నీ అమెరికాలో పుట్టినవి, పేర్లు ఒకేలా ఉంటాయి. ఎస్‌ఏ, అంటే సెక్సహాలిక్స్ అనానిమస్, 1979లో మొదలైంది. వాళ్ల లెక్క కఠినం: పెళ్లాడిన మనిషితో తప్ప ఇంకేదీ లేదు, తనతో తాను కూడా. పెళ్లి అంటే ఆడా మగా మధ్యదే అని వాళ్ల నిర్వచనం, కాబట్టి స్వలింగ సంపర్కులకి అది కుదరదు. ఎస్‌ఏఏ, సెక్స్ అడిక్ట్స్ అనానిమస్, 1977 నాటిది. అక్కడ ఎవరి గీత వాళ్లే గీసుకోవాలి. కాగితం మీద మూడు వలయాలు: లోపలిది ఇక ముట్టకూడనివి, నడిమిది ప్రమాదం వైపు జారేవి, బయటిది మనకి మంచి చేసేవి. నా నడిమి వలయంలో మొదటి మాట 'రాత్రి పదకొండు తర్వాత ఫోన్ మంచం మీదికి'. బయటి వలయంలో షటిల్, అమ్మకి ఫోన్, కందిపొడి చేయడం ఉన్నాయి, నవ్వకు. ఎప్పుడు ఎక్కడ మీటింగో ఆ సంస్థల వెబ్‌సైట్లలోనే ఉంటుంది, ఆన్‌లైన్‌వి కూడా. బెంగళూరులో ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే మాట్లాడతారు. ఏడుపొచ్చేసరికి నాకు ఇంగ్లిష్ రాలేదు, తెలుగులోనే మాట్లాడేశా. ఎవరూ ఏమనలేదు, సగం మందికి అర్థం కాకపోయినా తలలూపారు.

గ్రూపుతో పాటు డాక్టర్‌ని కూడా చూడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టికలో, 2022 నుంచి అమల్లో ఉన్న ఐసీడీ-11లో, దీనికి చోటుంది, 6సీ72 అనే కోడ్. దాన్ని అక్కడ వ్యసనాల కింద కాకుండా ప్రేరణల మీద అదుపు తప్పే జబ్బుల కింద పెట్టారు. ఆరు నెలలు, అంతకు మించి అదుపు తప్పి, బతుకు దెబ్బతింటుంటేనే జబ్బు. 'ఇది పాపం' అనే బాధ ఒక్కటే ఉంటే సరిపోదని అందులోనే రాశారు. ఇది మనవాళ్లు తప్పక చదవాల్సిన వాక్యం. ఎప్పుడో వారానికోసారి పోర్న్ చూసి నరకానికి పోతానని వణికే కుర్రాళ్లు మీటింగ్‌కి వస్తుంటారు, వాళ్లకి కావల్సింది వేరే. బైపోలార్ అనే మానసిక జబ్బులో కూడా ఇలా జరగచ్చు, పార్కిన్సన్స్‌కి వాడే కొన్ని మందుల వల్ల కూడా. అందుకే మానసిక వైద్యుడు ఒకసారి చూడాలి. నా విషయంలో అడుగున డిప్రెషన్ ఉంది, దానికి మందు పడ్డాకే మెట్లు ఎక్కే ఓపిక వచ్చింది. హోసూర్ రోడ్డు మీద నిమ్హాన్స్ అనే మానసిక వైద్య ఆసుపత్రి ఉంది, ఫోన్, ఇంటర్నెట్ అదుపు తప్పినవాళ్లకి అక్కడ 2014 నుంచి షట్ క్లినిక్ నడుస్తోంది. ముందు మాట్లాడితే చాలు అనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్, 14416, ఉచితం, తెలుగులో మాట్లాడచ్చు. చచ్చిపోవాలనే ఆలోచన వస్తే మీటింగ్ వారం వచ్చేదాకా ఆగకు, ఆ నంబరుకి అప్పుడే చెయ్యి.

ఎవరైనా పిల్లల జోలికి, ఇష్టం లేనివాళ్ల జోలికి వెళ్తుంటే గ్రూపు చాలదు. అది డాక్టర్, చట్టం చూసే సంగతి.

ఇప్పుడు పెళ్లి సంగతి. స్పాలకి వెళ్లావు కాబట్టి ముందు రక్తపరీక్ష. ప్రభుత్వాసుపత్రిలో ఐసీటీసీ అని కౌన్సెలింగ్, పరీక్షల కేంద్రం ఉంటుంది, అక్కడ హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం, నీ అనుమతి లేకుండా బయటికి చెప్పకూడదని 2017 చట్టం ఉంది. హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేస్తే దగ్గర్లో ఎక్కడుందో చెప్తారు. సోకిన వెంటనే పరీక్షలో తేలదు, మళ్లీ ఎప్పుడు రావాలో కౌన్సెలర్ చెప్తారు. సిఫిలిస్‌కి కూడా చేయించు.

నేను ఇంట్లో చెప్పలేదు. బ్యాంకు మెసేజ్‌లు చెప్పాయి. పెళ్లయి మూడేళ్లు, లోన్ యాప్‌లకి కట్టాల్సింది రెండు లక్షల పైన ఉంది. మా ఆవిడ ఆ మెసేజ్‌లు చూసి నన్ను ఏమీ అడగలేదు. మర్నాడు సెలవు పెట్టి, ఒక్కతే ఆటోలో వెళ్లి, పరీక్ష చేయించుకుని, ఆ కాగితం ఫ్రిజ్ మీద పెట్టి, అప్పుడు అడిగింది, 'ఎంత కాలం నుంచి?' అని. ఏమీ లేదనే వచ్చింది ఆ కాగితంలో. అయినా ఆ ఆటోలో ఆమె ఏమనుకుంటూ వెళ్లిందో ఇప్పటికీ నేను అడగలేకపోయా. నువ్వు చెప్పాలా వద్దా అంటే, చెప్పాలనే అంటా, తాళి కట్టకముందే. కాకపోతే స్పాన్సర్‌తోనో కౌన్సెలర్‌తోనో కూర్చుని ఏం చెప్పాలో అనుకున్నాక. మన బరువు దించుకోవడానికి ప్రతి వివరం ఆమె నెత్తిన పోయడం చెప్పడం కాదు. పెళ్లి ఆగిపోవచ్చు, ఆ హక్కు ఆమెది. ఇలాంటి భర్తలున్నవాళ్లకి ఎస్-అనాన్ అని వేరే గ్రూపు ఉంది. మా ఆవిడ రెండుసార్లు వెళ్లి మానేసింది, తనకి వాళ్ల అక్క చాలంది.

దేవుడి మాటలు వస్తాయి, నిజమే. మెట్లలో 'మనకంటే పెద్ద శక్తి' అని ఉంటుంది. అది ఏదనేది నీ ఇష్టం. మాతో వచ్చే ఒక విజయవాడ నాస్తికుడు తన పెద్ద శక్తి ఆ గదిలో కూర్చున్న మనుషులే అంటాడు. నేను వెంకన్ననే పెట్టుకున్నా. ఇద్దరం మీటింగ్ అయ్యాక ఒకే బండి దగ్గర టీ తాగుతాం.

తెలిసినవాళ్లు కనిపిస్తారేమో అన్నావు. నాకు కనిపించాడు, పాత ఆఫీసులో పక్క టీమ్ మేనేజర్. ఇద్దరం నిలువునా నీరుగారిపోయాం. తర్వాత తట్టింది, ఆయన కూడా అక్కడికి బిస్కెట్ల కోసం రాలేదు కదా. ఆధార్ అడగరు, రిజిస్టర్ లేదు. ఏదో ఒక పేరు చెప్తే చాలు. నేను భయపడి మా తాతయ్య పేరు చెప్పాను, పాత సభ్యులు ఇప్పటికీ నన్ను ఆ పేరుతోనే పిలుస్తారు.