హార్బర్ పక్క పేటల్లో పెరగడం ఎలా ఉండేది? ఓడను బట్టి ఉండేది

"హార్బర్ పక్కన పాత పేటల్లో చిన్నతనం ఎలా ఉండేది? చేతిలో డబ్బు లేకపోయినా సంతోషంగా ఉండేవాళ్లట, నిజమేనా?" అని అడిగారు. విశాఖపట్నం వన్ టౌన్ వైపు సంగతి చెబుతాను. కోటవీధి, చెంగల్రావుపేట, సోల్జర్‌పేట, రైల్వే లైను దాకా వస్తే జ్ఞానాపురం. సంతోషం మాట కాసేపు పక్కన పెట్టండి. అది అక్కడ ఉన్నవాళ్ల కంటే అడిగేవాళ్లకే ఎక్కువ కావాలి.

ఆ పేటల్లో అసలు బాధ కూలి ఎంత అన్నది కాదు, ఎప్పుడు అన్నది. పొలం కూలీకి నాట్లెప్పుడో, కోతలెప్పుడో తెలుసు. ఓడకి పంచాంగం లేదు. ఒక వారం వరసగా నాలుగు ఓడలొస్తే రాత్రి షిఫ్టు కూడా చేసి ఇంటికి చేప, కోడి, పిల్లలకి కొత్త బట్ట. తర్వాత పదిహేను రోజులు ఏమీ లేదు. ఓడ వచ్చినా పని ఉంటుందని లేదు. పంచదార, యూరియా, ధాన్యం లాంటి సరుకైతే నాలుగు చినుకులు పడగానే హాచ్ (ఓడలో సరుకుండే గొయ్యి నోరు) మూసేస్తారు, తడిస్తే సరుకు పాడు. బొగ్గు, ఇనుప ఖనిజం అయితే వానలోనూ నడుస్తుంది. అందుకే మబ్బు పట్టిందంటే మొదటి ప్రశ్న "ఓడలో ఏటుంది?" అనే.

కళాసీల్లో, అంటే ఓడ సరుకు ఎక్కించి దించే కూలీల్లో, రెండు రకాలు. 1948లో డాక్ వర్కర్ల చట్టం వచ్చాక రేవుల్లో లేబర్ బోర్డులు పెట్టారు. బోర్డులో పేరున్నవాడికి కార్డు ఉండేది, జట్టు ఉండేది, పని వరసలో వచ్చేది. ఓడ లేని రోజు కూడా హాజరు వేయించుకుంటే ఎంతో కొంత చేతికొచ్చేది, నెలకి కొన్ని రోజుల కూలికి భరోసా ఉండేది. కార్డు లేనివాడు మేస్త్రీ పిలిస్తేనే కూలీ. ఇద్దరూ అదే బస్తా మోసేవాళ్లు, అదే గొయ్యిలో దిగేవాళ్లు. కానీ కిరాణా షావుకారు ఒకడికి నెలంతా అరువిచ్చేవాడు, ఇంకొకడికి రెండో రోజే చెయ్యి ఆపేసేవాడు. పెళ్లి సంబంధంలో కూడా పిల్లాడి రంగు, ఎత్తు తర్వాత సంగతి, "బోర్డు కార్డుందా?" అన్నది ముందు. ఈ ఒక్క తేడా పట్టుకోకుండా "హార్బర్ కూలీల జీవితం" అని రాసేవాళ్లని నేను నమ్మను.

పని గురించి కొంచెం. బస్తాల సరుకైతే హాచ్ లోపల ఉన్నవాళ్లు తాళ్ల స్లింగ్ పరిచి దాని మీద బస్తాలు పేరుస్తారు. యాభై కిలోలవి ఇరవై పేరిస్తే టన్ను. విన్చ్ (బరువు పైకి లాగే యంత్రం) నడిపేవాడికి గొయ్యి అడుగు కనపడదు. అంచున నిలబడి చెయ్యి ఊపేవాడే వాడి కళ్లు. పేర్పు ఒక పక్కకి బరువైతే పైకి లేచేటప్పుడు తిరుగుతుంది, తిరిగితే పై వరస జారుతుంది, కింద మనుషులుంటారు. టన్నుల లెక్కన కూలి కాబట్టి ఎవరూ నెమ్మదిగా పేర్చరు. ప్రమాదాలకి కారణం తాగుడు అని తేల్చేసేవాళ్లు ఈ లెక్క ఎందుకు చూడరో తెలియదు. కొక్కెం వాడితే పని తొందరగా అవుతుంది గానీ బస్తా చిరుగుతుంది. చిరిగితే చివాట్లు. కారిన గింజలు మాత్రం ఊడ్చేవాళ్లవి.

అప్పు సంగతి. రోజువారీ ఫైనాన్స్ అనేది ఈ పేటల్ని తినేసింది. లెక్క ఇలా: వెయ్యి రూపాయలు అప్పు, ముందే వంద కోసి తొమ్మిది వందలు చేతిలో పెడతాడు, రోజుకి పది చొప్పున వంద రోజులు కట్టాలి. వెయ్యికి వందే కదా అనిపిస్తుంది. కానీ అసలు రోజూ తీరుతూ పోతుంది కాబట్టి సగటున మన దగ్గర ఉండేది నాలుగు వందల యాభై చిల్లరే. దాని మీద వంద రోజులకి వంద వడ్డీ అంటే ఏడాదికి నూటికి ఎనభై పైమాటే. వడ్డీ కంటే పెద్ద చిక్కు ఇంకోటి ఉంది: కట్టడం రోజూ, సంపాదన ఓడలు వచ్చినప్పుడు. పది రోజులు ఓడ లేకపోతే వంద రూపాయలు వెనకబడతాడు, అది కట్టడానికి ఇంకో అప్పు. కూరగాయల బండివాడికి ఈ పద్ధతి ఎలాగోలా సరిపోతుంది, రోజూ అమ్మకం ఉంటుంది గనక. కళాసీకి అస్సలు సరిపోదు. ఓడ ఉన్న వారంలోనే రెండు వారాల బియ్యం కొని పడేసిన ఇల్లు నిలబడేది. ఇల్లాలికి ఈ సంగతి తెలుసు, ఇంటాయనకి చాలాసార్లు తెలిసేది కాదు.

ఏ ఓడ వచ్చిందో ఇంట్లో కూర్చుని చెప్పొచ్చు. గంధకం ఓడైతే ఇంటికొచ్చిన మనిషి కళ్లు ఎర్రగా కారుతుంటాయి. పనికి వెళ్లే ముందే ఒంటికి కొబ్బరినూనె పట్టించి, తలకి తువ్వాలు బిగించుకోవాలి. వచ్చాక ముందు చన్నీళ్లతో కళ్లు కడుక్కోవాలి, చేత్తో నలిపితే రాత్రంతా నిద్రుండదు. యూరియా ఓడైతే వేళ్ల సందుల్లో చెమటకి కరిగి చర్మం పగులుతుంది. ధాన్యం ఓడైతే పేటంతా చేటల చప్పుడు.

ఊడ్పు గింజల్ని బాగు చేయడం ఒక విద్య. పీఎల్-480 గోధుమలు (అమెరికా సాయం కింద పంపినవి) దిగిన కాలం నుంచీ ఆడవాళ్లు చేసిన పనే. ముందు చేటతో చెరిగి పొట్టు, గోనెపీచు పోగొట్టాలి. తర్వాత సన్న జల్లెడలో మట్టి దించాలి. చివరికి వెడల్పు గిన్నెలో నీళ్లు పోసి గాలించాలి. గిన్నెని గుండ్రంగా తిప్పుతూ గింజల్ని పక్క గిన్నెలోకి ఒంపితే రాళ్లు అడుగున మిగులుతాయి. ఒకసారి చాలదు, మూడుసార్లు. ఎండలో ఆరబోసి, ఆ వెంటనే విసిరించి రవ్వ చేసేయాలి, తడి మిగిలితే మూడో రోజుకి బూజు. అన్నింటికంటే ముఖ్యం, అదే షెడ్డులో అంతకు ముందు ఏ సరుకుందో కనుక్కోవడం. ఎరువు కలిసిన గింజలు తెల్లగా, కొంచెం జిడ్డుగా ఉంటాయి. మనుషులు తినరు కదా అని మేకలకి వేస్తే పొట్ట ఉబ్బి గంటల్లో చచ్చేవి. కడిగితే పోతుందనుకుంటారు, గింజలోకి ఇంకింది పోదు.

బొగ్గు దగ్గర ఇంకొంచెం ఆగాలి, ఎందుకంటే ఆ పేటల వంట దాని మీదే నడిచింది. లారీల మీంచి, వ్యాగన్ల మీంచి రాలిన పొడిని పిల్లలు ఊడ్చి తెచ్చేవాళ్లు. పొడిని అలాగే పొయ్యిలో వేస్తే గాలి ఆడక ఆరిపోతుంది, ఉండలు చేయాలి. నాలుగు పాళ్ల పొడికి ఒక పాలు బంకమట్టి, గుప్పెడు పేడ, తడపడానికి నీళ్ల బదులు గంజి. మట్టి ఎక్కువైతే అంటుకోదు, బూడిద మాత్రం కొండంత. తక్కువైతే ఎండాక చేతిలోనే పొడైపోతుంది. ఉండ నిమ్మకాయంత ఉండాలి. పెద్దది చేస్తే పైన ఎండి లోపల తడి ఉండిపోతుంది, పొయ్యిలో టప్పున పగిలి నిప్పు కళ్లల్లో పడుతుంది. మంచి ఎండలో మూడు రోజులు, రెండో రోజు తిరగెయ్యాలి.

పొయ్యి అంటే పాత ఇనప బకెట్. కింద పక్కకి ఒక కన్నం, దాని పైన అడ్డంగా నాలుగు ఇనప చువ్వలు, లోపలంతా రెండు వేళ్ల మందాన మట్టి పూత. చువ్వల మీద కొబ్బరి పీచు, సన్న పుల్లలు, ఆపైన ఉండలు. వెలిగించడం వీధిలోనే. పొగ ఆగి ఉండలు ఎర్రబడ్డాక, పావుగంటో ఇరవై నిమిషాలో పడుతుంది, అప్పుడు లోపలికి తేవాలి. చలికాలం రాత్రి తలుపేసుకుని దాని పక్కన పడుకోకూడదు. పొగ కనపడట్లేదంటే విషవాయువు లేదని కాదు. తెల్లారేసరికి లేవని ఇళ్లు ఉంటాయి.

ఇక్కడ తిరకాసు ఏంటంటే బొగ్గంతా ఒకటి కాదు. ఉక్కు ఫ్యాక్టరీకి దిగే కోకింగ్ బొగ్గు వేడికి మెత్తబడి, ఉబ్బి, ఒకదానికొకటి అతుక్కుని ముద్దవుతుంది. గాలి దారి మూసుకుపోయి సగం వంటలో పొయ్యి చచ్చిపోతుంది. దానికి మట్టి పాలు పెంచాలి, లేదా కట్టెబొగ్గు పొడి సగానికి సగం కలపాలి. ఆ ముద్దని పారేసేవాళ్లు తెలివితక్కువవాళ్లు. చల్లారాక పగలగొడితే బూడిదరంగులో, కన్నాలు కన్నాలుగా గట్టిగా ఉంటుంది. అదే కోక్. రెండోసారి పొగ లేకుండా కాలుతుంది, కమ్మరి కొలిమికి అదే కావాలి. రెండు బొగ్గులకీ తేడా తెలిసిన ఇల్లాలు రెండు వంటలు చేసుకునేది.

అదే బొగ్గు గాలిలో ఎగిరితే మాత్రం శత్రువు. ఇన్నర్ హార్బర్ ఊరికి పడమట ఉంది. ఏప్రిల్, మే నెలల్లో వాన పడకముందు రేవులోని బొగ్గు, ఇనుప ఖనిజం గుట్టలు ఎండి ఉంటాయి, నైరుతి గాలి తిరిగిందంటే నలుపూ ఎరుపూ కలిపి పాత ఊరి మీద పోస్తుంది. బీచ్ రోడ్డులో నడిచేవాళ్లు "వైజాగ్ ఎంత శుభ్రమో" అంటుంటారు. వాళ్లు పీల్చే గాలి వేరు. స్కూలు తెల్ల చొక్కాల్ని ఆరేసే పద్ధతి ఆ పేటల్లో వేరుగా ఉండేది: రాత్రి ఉతకాలి, వసారాలో ఆరెయ్యాలి, తెల్లారకముందే తియ్యాలి. నల్ల పొడి పడితే తడి చెయ్యి తగలనివ్వకూడదు, ముందు గట్టిగా దులపాలి. తడి తగిలితే నూలులోకి దిగి ఏ సబ్బుకీ రాదు. ఎర్రది ఇనుప తుప్పే కాబట్టి నిమ్మకాయ, ఉప్పు రుద్ది ఎండలో పెడితే చాలావరకు పోతుంది. దానికి బ్లీచింగ్ పౌడరు వేస్తే మరక ముదిరి కూర్చుంటుంది. ఇది చెప్పినా వినరు.

ఇంకో కంప్లయింటు. సినిమాల్లో హార్బర్ అంటే స్మగ్లింగ్, సుమోలు, కంటైనర్ల మధ్య ఫైటు. ఆ పేటలో రౌడీ లేడనను, కానీ వందమందిలో తొంభైతొమ్మిది మంది నడుము నొప్పితో పడుకునేవాళ్లే. నడుము నొప్పిని ఎవరూ షూట్ చేయరు.

ఓడల్లేని రోజుల్లో ఆదుకున్నది ఎండుచేప. ఫిషింగ్ హార్బర్‌లో ఎండెక్కాక, ఐసు అయిపోయి, పెద్ద వ్యాపారులు వెళ్లిపోయాక నెత్తళ్ల ధర పడిపోతుంది, అప్పుడు కొనాలి. నెత్తళ్లకి ఉప్పు అక్కర్లేదు, పలచగా పరిస్తే రెండు ఎండల్లో అయిపోతాయి. పెద్ద చేపకి మాత్రం చీల్చి, నాలుగు కిలోలకి కిలో ఉప్పు పట్టించాలి. మబ్బు పట్టిన రోజు ఎండబెడితే పురుగే.

అంతా ఎప్పుడు మారిందంటే బస్తాలు కంటైనర్లలోకి వెళ్లిపోయినప్పుడు. ఔటర్ హార్బర్‌లో కంటైనర్ టెర్మినల్ 2003లో మొదలైంది. జట్లు జట్లుగా షిఫ్టులు షిఫ్టులుగా దించే సరుకుని క్రేను మీదున్న ఒక్క మనిషి దించేస్తున్నాడు. లేబర్ బోర్డు పోర్టులో కలిసిపోయింది. కార్డు కోసం పోటీపడ్డవాళ్ల పిల్లలు ఆటోలు, షాపింగ్ మాల్ సెక్యూరిటీ, కొందరు గల్ఫ్. ఓడలు తగ్గలేదు, దుమ్మూ తగ్గలేదు. బొగ్గుని, ఖనిజాన్ని కంటైనర్లలో పెట్టి పంపరు కదా. ఇప్పుడు ఆ వైపు అద్దె తక్కువని ఇల్లు చూసేవాళ్లుంటే, గోడల రంగు చూడకండి, ఓనరు కొత్తగా వేయించి ఉంటాడు. ఫ్యాను రెక్కల పైభాగం, అటక అంచు వేలితో గీసి చూడండి. కోటవీధి వైపైతే వంటింటి కిటికీ పడమటికి, జ్ఞానాపురంలో అయితే దక్షిణానికి ఉన్న ఇల్లు తీసుకోవద్దు.