లారీకి ఏ రేడియో? హామ్ రేడియోనా, సిటిజన్స్ బ్యాండా?

ప్రశ్న: మాకు నాలుగు లారీలు ఉన్నాయి. రామభద్రపురం నుంచి సాలూరు, సుంకి ఘాట్ మీదుగా రాయ్‌పూర్ వైపు లోడ్లు తిప్పుతాము. ఘాట్ ఎక్కాక చాలాచోట్ల సెల్‌ఫోన్ సిగ్నల్ అందదు. ముందు బండికీ వెనక బండికీ మాట కలిసేలా రేడియోలు పెట్టించాలనుకుంటున్నాము. హామ్ రేడియో (అభిరుచి కొద్దీ పరీక్ష రాసి లైసెన్సు తీసుకున్నవారు వాడేది) అయితే ఎక్కువ దూరం అందుతుందని ఒకరు, లైసెన్సు అక్కరలేని సిటిజన్స్ బ్యాండ్ సెట్టు చాలని మరొకరు చెబుతున్నారు. ఏది మంచిది?
– ఒక లారీ యజమాని, రామభద్రపురం, విజయనగరం జిల్లా

జవాబు: ఎంత దూరం అందుతుందన్న సంగతి తర్వాత చూద్దాము. ఆ సెట్టులో ఎవరు మాట్లాడతారు, ఏ విషయం మాట్లాడతారు అన్నది ముందు తేల్చుకోవాలి. ఎందుకంటే హామ్ రేడియో ఎంత దూరం అందినా మీ అవసరానికి చట్టమే దానిని ఒప్పుకోదు. సొంతంగా నేర్చుకోవడానికి, ప్రయోగాలు చేయడానికి, తోటి హామ్‌లతో మాట్లాడుకోవడానికి, ఆర్థిక లాభాపేక్ష లేకుండా వాడుకోవలసిన సేవ అని అంతర్జాతీయ రేడియో నిబంధనలే దానిని నిర్వచించాయి. లోడు ఎక్కడ దించాలి, కిరాయి ఎంత మాట్లాడాలి, డీజిల్ ఎక్కడ కొట్టించాలి అన్న మాటలన్నీ వ్యాపారం కిందికే వస్తాయి. పైగా హామ్ లైసెన్సు బండికి గాని వ్యాపార సంస్థకు గాని ఇచ్చేది కాదు, పరీక్ష రాసిన మనిషికి ఇచ్చేది. మీరు పరీక్ష ప్యాసై సెట్టు బిగించినా, మీ డ్రైవర్లు ఎవరికి వారు లైసెన్సు తెచ్చుకోనిదే ఆ మైకు పట్టుకోవడానికి వీలులేదు.

కాబట్టి మీరు అడిగిన రెండింటిలో మీకు మిగిలేది సిటిజన్స్ బ్యాండే. 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ వరకు, 5 వాట్లకు మించని సెట్లకు లైసెన్సు అక్కరలేదని కేంద్ర ప్రభుత్వం 2005లో నియమాలు తెచ్చింది. పరీక్ష లేదు, కాల్ సైన్ (ప్రసారంలో పలకవలసిన గుర్తింపు పేరు) లేదు. అయితే మీ సెట్టు వల్ల ఇతరులకు అంతరాయం కలగకూడదు. ఇతరుల వల్ల మీకు అంతరాయం కలిగితే రక్షణ కోరే హక్కు మాత్రం ఉండదు. యాంటెనా విషయంలో ఏ షరతు వర్తిస్తుందో అమ్మేవారి నోటిమాట నమ్మకుండా, కేంద్ర టెలికాం శాఖలో రేడియో ఫ్రీక్వెన్సీల వ్యవహారం చూసే డబ్ల్యూపీసీ విభాగాన్ని రాతపూర్వకంగా అడిగి తేల్చుకున్నాకే లారీ మీద బిగించండి. సెట్టుకు ఆ విభాగం ఆమోదం ఉందో లేదో కూడా చూసుకోవాలి.

ఇక్కడ చాలామంది పొరపడే సంగతి ఒకటి ఉంది. బజారులో కనిపించే సెట్లలో ఎక్కువ భాగం 40 ఛానెళ్ళ అమెరికా పద్ధతివి. ఆ లెక్కలో 27వ ఛానెల్ 27.275 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. 28వది 27.285 దగ్గరకు చేరి మన పరిధి దాటిపోతుంది. అంటే 28 నుంచి 40 వరకు ఉన్న ఛానెళ్ళను ఇక్కడ తాకకూడదు. బండి అప్పగించేటప్పుడే డ్రైవరుకు ఒక ఛానెల్ నంబరు చెప్పి, దానిని మార్చవద్దని గట్టిగా చెప్పడం మేలు.

అమెరికాలో ఈ బ్యాండు 1958లో మొదలైంది. 1973 చమురు సంక్షోభం తర్వాత అక్కడి ట్రక్కు డ్రైవర్లు డీజిల్ ఎక్కడ దొరుకుతుందో, పోలీసులు ఎక్కడ ఉన్నారో ఒకరికొకరు చెప్పుకోవడంతో బాగా పేరుకెక్కింది. 19వ ఛానెల్ వారికి ఊరి రచ్చబండ వంటిది. సాలూరు రోడ్డు మీద మీకు ఆ సందడి దొరకదు. మీ నాలుగు బండ్లే ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి, అంతే. బండి చెడి ఆగిపోతే దారిన పోయే మరో లారీ పలుకుతుందని ఆశపడి మాత్రం కొనకండి.

ఇక దూరం. మైదానంలో బండికీ బండికీ మధ్య కొన్ని కిలోమీటర్ల వరకు మాట వినిపిస్తుంది. ఘాట్‌లో కొండ అడ్డం వస్తే అది బాగా తగ్గుతుంది. సూర్యుడి మీద మచ్చలు ఎక్కువగా ఉండే కాలంలో ఇదే బ్యాండులో వేల కిలోమీటర్ల అవతలి గొంతులు వచ్చి పడి, మీ వెనక బండి మాటను ముంచేయడం కూడా ఉంది. 27 మెగాహెర్ట్జ్‌కు పావు తరంగం పొడవు యాంటెనా అంటే దాదాపు 2.75 మీటర్లు. లారీ క్యాబిన్ మీద అంత కడ్డీ నిలబెడితే మొదటి చింతకొమ్మకే విరుగుతుంది. అందువల్ల అడుగుభాగంలో తీగచుట్ట ఉన్న పొట్టి యాంటెనాలు వాడతారు గాని, పొడవు తగ్గినకొద్దీ అందే దూరమూ తగ్గుతుంది.

బిగించేటప్పుడు వోల్టేజీ చూసుకోవాలి. వాహనాల రేడియోలు ఎక్కువగా 12 వోల్టుల బ్యాటరీకి తగినట్టు చేసినవి. మీ లారీలో రెండు బ్యాటరీలు కలిపి 24 వోల్టులు. నేరుగా కలిపితే సెట్టు కాలిపోతుంది. కొందరు మెకానిక్‌లు తేలిక దారిగా రెండు బ్యాటరీలలో ఒక్కదాని నుంచే వైరు లాగుతారు. అప్పుడు ఒకటి ఎక్కువ ఖర్చై, రెండవది అతిగా చార్జై, రెండూ త్వరగా పోతాయి. 24 నుంచి 12కు దించే కన్వర్టరు పెట్టించి, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు వేయించండి. ఇంజను వేగంతో పాటు పెరిగే ఈల స్పీకరులో వినిపిస్తే అది ఆల్టర్నేటర్ నుంచి వచ్చే శబ్దం, సెట్టు లోపం కాదు. 2019 సవరణ తర్వాత, బండి నడుపుతూ చేతిలో పట్టుకునే పరికరంతో మాట్లాడటాన్ని మోటారు వాహనాల చట్టంలోని 184వ సెక్షన్ ప్రమాదకరమైన డ్రైవింగ్‌లో చేర్చింది. మైకు క్లీనరు చేతిలో ఉండాలి.

ఇంతకంటే నమ్మకమైన దూరం కావాలంటే, వ్యాపార అవసరాలకు రుసుము తీసుకుని ప్రత్యేక ఫ్రీక్వెన్సీ కేటాయించే లైసెన్సు ఉంది. నాలుగు లారీలకు అంత ఖర్చు గిట్టుబాటు కాదని నా అభిప్రాయం.

ప్రశ్న: తిత్లీ తుపానుకు మా ఊళ్ళో కరెంటూ, ఫోన్లూ పోయి దిక్కుతోచలేదు. అటువంటి సమయంలో వాడటానికి నా కారులో రేడియో పెట్టుకోవచ్చా?
– ఒక ఉపాధ్యాయుడు, సోంపేట, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మీకు తగినది హామ్ రేడియో. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటిన రోజున మీ దగ్గర సిటిజన్స్ బ్యాండ్ సెట్టు ఉన్నా, అవతల వినేవారు ఉండేవారు కారు. హామ్ బ్యాండ్లలో ఎవరో ఒకరు వింటూ ఉంటారు. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు పోర్ట్‌బ్లెయిర్‌లో అనుకోకుండా ఉన్న హామ్‌ల బృందమే అక్కడి సమాచారాన్ని ప్రధాన భూభాగానికి చేరవేసింది.

12 ఏళ్ళు నిండినవారెవరైనా పరీక్షకు కూర్చోవచ్చు. హామ్ లైసెన్సులో కింది స్థాయి అయిన రిస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ కోడ్ (చుక్కలు, గీతల సంకేత భాష) అక్కరలేదు. రేడియో సిద్ధాంతం, నిబంధనలు చదివితే చాలు. లైసెన్సుకు దరఖాస్తు చేసేటప్పుడే కారులో వాడే సంగతి కూడా అందులో రాయండి. 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ బ్యాండుకు అర మీటరు యాంటెనా కారు పైకప్పు నడుమ పెడితే సరిపోతుంది గాని, రిపీటరు (అందిన మాటను మళ్ళీ ప్రసారం చేసే స్టేషను) లేనిదే దానితో విశాఖపట్నం అందదు. సోంపేటకు అది దాదాపు 200 కిలోమీటర్లు. ఆ దూరానికి పగటిపూట 7 మెగాహెర్ట్జ్ బ్యాండు నమ్మదగినది. కారు ఆపి రెండు చెట్ల మధ్య తీగ కట్టే ఓపిక ఉంటే, కారు మీది కడ్డీకంటే అది ఎంతో మెరుగు. తుపాను రాకముందే అలా కట్టి, మాట్లాడి చూసుకోండి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో చవకగా దొరికే చైనా వాకీటాకీ కొని, పరీక్ష రాసేదాకా కేవలం వింటూ ఉండవచ్చా?
– ఒక విద్యార్థి, చీపురుపల్లి

జవాబు: వద్దు. ప్రసారం చేయగల సెట్టును, లైసెన్సు మినహాయింపు లేని ఫ్రీక్వెన్సీలలో పనిచేసేదైతే, దగ్గర ఉంచుకోవడానికే లైసెన్సు ఉండాలి. వినడమే మీ కోరికైతే, ఇంటర్నెట్ ద్వారా ఫోనులోనే వినిపించే రిసీవర్లు ఉన్నాయి. సాయంత్రం వేళ వాటిలో 7 మెగాహెర్ట్జ్ వింటే మన దేశపు హామ్‌లు కాల్ సైన్ ఎలా పలుకుతారో, వంతులవారీగా ఎలా మాట్లాడతారో తెలుస్తుంది. అది పరీక్షకూ పనికొస్తుంది.