గట్టు మీద పడుకునేవాళ్లను ఖాళీ చేయించే హక్కు అసోసియేషన్‌కి ఉందా?

ప్రశ్న: మాది రాజమండ్రిలో గోదావరి గట్టుకి దగ్గరున్న అపార్ట్‌మెంట్. నేను అసోసియేషన్ కార్యదర్శిని. ఈమధ్య మా సెల్లార్‌లోంచి ఒక బండి పోయింది. తెల్లవారుజామున వాకింగ్‌కి వెళ్లిన పక్క ఫ్లాట్ పిన్నిగారి మెడలో గొలుసు తెంపుకుపోయారు. స్టేషన్‌లో అర్జీ తీసుకుని పంపేశారు, ఎఫ్‌ఐఆర్ కట్టలేదు. మా గోడ పక్కన, ఘాట్ మెట్ల మీద రాత్రిళ్లు ఎవరెవరో పడుకుంటున్నారు. వీధి మొదట్లో గేటు పెట్టి రాత్రి తాళం వేయాలని, వాచ్‌మన్‌తో వాళ్లను ఖాళీ చేయించాలని, వాళ్ల ఫొటోలు వాట్సాప్ గ్రూపులో పెట్టాలని మీటింగ్‌లో తీర్మానించాం. చట్టప్రకారం ఇబ్బంది ఉందా? (పేరు వద్దన్నారు)

జవాబు: ఇబ్బంది ఉందండి. తీర్మానం అమలు చేయకముందే అడిగారు, అది మంచిదైంది.

మీరు పంపిన అర్జీ నకలు చదివాను. గొలుసు సంగతి రెండు వాక్యాలు, బండి సంగతి ఒక వాక్యం, మిగతా పేజీన్నర గట్టు మీది జనం గురించే. బండి నంబరు లేదు, గొలుసు ఎన్ని కాసులో లేదు, ఏ తేదీన ఎన్ని గంటలకు జరిగిందో లేదు. అలాంటి కాగితాన్ని స్టేషన్‌లో దొంగతనం ఫిర్యాదుగా కాక కాలనీవాళ్ల మొరగా చూసి పక్కన పెట్టేస్తారు. ఇవి రెండు వేరు వేరు విషయాలు. దొంగతనం పోలీసుల పని. నిలువ నీడ లేని మనుషుల సంగతి నగరపాలక సంస్థ పని. రెండూ ఒకే అర్జీలో పెడితే రెండూ కదలవు.

ముందు దొంగతనం. బండి పోయినవారు ఒక ఫిర్యాదు, పిన్నిగారు ఒక ఫిర్యాదు విడివిడిగా ఇవ్వాలి. పాత ఐపీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో గొలుసు లాక్కుపోవడం 304 సెక్షన్ కింద ప్రత్యేక నేరం, మూడేళ్ల దాకా శిక్ష. మామూలు దొంగతనం 303, నివాస గృహంలో జరిగితే 305, అప్పుడు శిక్ష ఏడేళ్ల దాకా ఉంటుంది. వీటిలో ఎఫ్‌ఐఆర్ కట్టడం పోలీసుల దయ కాదు. పోలీసులు నేరుగా కేసు పెట్టగలిగిన నేరమని ఫిర్యాదులో కనిపిస్తే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని 2013లోనే లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కేసుల విచారణ పద్ధతిని చెప్పే కొత్త చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో పోలీసులకు ఒక వెసులుబాటు ఉంది: మూడేళ్లకు తక్కువ కాకుండా, ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో పద్నాలుగు రోజుల్లోగా ప్రాథమిక విచారణ చేయవచ్చు. కాబట్టి ‘చూస్తాం’ అంటే, డీఎస్పీ అనుమతి తీసుకున్నారా అని మర్యాదగా అడగండి. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. బండికి బీమా రావాలన్నా ఆ కాగితమే ఆధారం.

అప్పటికీ కట్టకపోతే నాగరిక్ సురక్షా సంహిత 173(4) ప్రకారం జిల్లా ఎస్పీకి ఫిర్యాదును పోస్టులో పంపండి, రసీదు దాచండి. అక్కడా కదలిక లేకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేట్ కోర్టుకి వెళ్లవచ్చు. కేసు కట్టాక దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో తొంభై రోజుల్లోగా ఫిర్యాదుదారుకి చెప్పాల్సిన బాధ్యత కూడా పోలీసులదే. సెల్లార్ కెమెరా ఫుటేజీ మాత్రం ఈరోజే పెన్‌డ్రైవ్‌లోకి తీయించండి. పాతది చెరిగిపోయి కొత్తది ఎక్కుతూ ఉంటుంది. ఊరెళ్లేవాళ్లు ఉంటే తాళం వేసిన ఇళ్ల మీద నిఘా పెట్టే ఎల్‌హెచ్‌ఎంఎస్ సేవ మన రాష్ట్ర పోలీసులది ఉంది, వాడుకోండి.

ఇక తీర్మానం సంగతి. వీధి రోడ్డు అపార్ట్‌మెంట్ ఆస్తి కాదు. దాని మీద అనుమతి లేకుండా గేటు పెడితే ఎవరో ఒక ఎదురింటాయన అర్జీ పెట్టినా చాలు, ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ తీసేయమని ఉత్తర్వు ఇవ్వగలరు. అర్ధరాత్రి అంబులెన్స్ ఆ గేటు దగ్గర ఆగిపోతే ఏమవుతుందో మీరే ఆలోచించండి. మీ కాంపౌండు గేటు మీ ఇష్టం. దానికి తాళం వేసుకోండి, లైట్లు పెంచుకోండి.

వాచ్‌మన్ చేత వాళ్ల మూటలు విసిరేయిస్తే ఆస్తి నష్టం కేసు, చెయ్యి చేసుకుంటే దాడి కేసు. వాచ్‌మన్ ఒక్కడి మీదే కాదు, తీర్మానం మీద సంతకాలు పెట్టిన వాళ్లందరి మీదా రావచ్చు. గట్టు మీద పడుకునేవాళ్లలో ఎస్సీ, ఎస్టీలు ఉండి కులం పేరుతో తిడితే అట్రాసిటీ చట్టం. దానిలో ముందస్తు బెయిలు దొరకడం చాలా కష్టం. ఫొటోకింద ‘దొంగ’ అని రాస్తే పరువు నష్టం. కళ్ల ముందు దొంగతనం చేస్తున్నవాణ్ని మీరు పట్టుకోవచ్చు, ఆరు గంటల్లోగా పోలీసులకు అప్పగించాలి. పడుకున్న మనిషిని పట్టుకునే హక్కు మాత్రం లేదు. మన రాష్ట్రంలో 1977 నాటి యాచక నిరోధక చట్టం ఉంది కదా అని మీలో ఎవరైనా అనవచ్చు. ఉంది. దాని కింద చర్య తీసుకోవాల్సింది కూడా పోలీసులూ కోర్టూనే. ఇల్లు లేకపోవడం నేరమని న్యాయ సంహితలో ఏ సెక్షనూ చెప్పదు.

1985లో బొంబాయి ఫుట్‌పాత్‌వాసుల కేసులో సుప్రీంకోర్టు రెండు మాటలూ చెప్పింది. ఫుట్‌పాత్ ఆక్రమించుకునే హక్కు ఎవరికీ లేదంది. అయినా బతుకుతెరువు జీవించే హక్కులో భాగమనీ, చెప్పాపెట్టకుండా ఖాళీ చేయించడం తగదనీ అంది. కార్పొరేషన్‌కే ఆ పద్ధతి తప్పనప్పుడు అసోసియేషన్‌కి ఎక్కడిది?

అసలు మీ గోడ పక్కన ఉన్నది ఎవరు? ఒక సాయంత్రం ఇద్దరు ముగ్గురు వెళ్లి మాట్లాడండి. ఎదుటి సైటులో సెంట్రింగ్ పనికి వచ్చిన కూలీలైతే వాళ్లకి వసతి చూపాల్సింది పని చేయించుకునే యజమాని. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టంలోనే ఆ బాధ్యత రాశారు; 2025 నవంబరులో దాని స్థానంలో కార్మికుల భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ వచ్చింది. కార్మిక శాఖలో ఫిర్యాదు చేయండి. పిల్లలు వదిలేసి వెళ్లిన ముసలివాళ్లైతే, అలా వదిలేయడం తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం (2007) ప్రకారం నేరం. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కి ఫోన్ చేయండి, ఆర్డీవో గారి దగ్గర మనోవర్తికి దరఖాస్తు పెట్టించండి. మతి స్థిమితం లేనివారైతే 2017 మానసిక ఆరోగ్య చట్టం కింద వాళ్లను కాపాడి ఆసుపత్రికి చేర్చే విధి పోలీసులది, లాకప్‌లో పెట్టకూడదు. ఒంటరి పిల్లలు కనిపిస్తే చైల్డ్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. నా దగ్గరకు వచ్చిన ఇలాంటి గొడవల్లో ‘ఎవరెవరో’ అని రాసిన చోట, అడిగి చూస్తే తల్లులూ తాతలూ బయటపడ్డారు. ఆ మాట మీకు చెప్పకుండా ఉండలేను.

వీళ్లందరికీ పైకప్పు చూపించాల్సింది నగరపాలక సంస్థ. లక్ష జనాభాకి కనీసం వంద మందికి వసతి ఉండాలని, ఒక్కో కేంద్రంలో యాభై నుంచి వంద మందికి చోటుండాలని, ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండాలని పట్టణ నిరాశ్రయుల పథకం మార్గదర్శకాలు చెప్పాయి. 2011 లెక్కల్లోనే రాజమండ్రి జనాభా మూడు లక్షలు దాటింది. 2027లో మళ్లీ పుష్కరాలు. ఘాట్ల పక్కన నిద్రపోయేవాళ్ల ప్రశ్న అప్పుడు ఇంకా పెద్దదవుతుంది. మనకి ఎన్ని కేంద్రాలున్నాయి, ఎన్ని మంచాలు, గత నెల రోజూ ఎంతమంది పడుకున్నారు అని 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు కార్పొరేషన్‌లో వేయండి. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ఆ జవాబు జతచేసి సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. అందులో దొంగతనాల ఊసు ఎత్తకండి.

తీర్మానం కాపీ మినిట్స్ పుస్తకంలో ఉంటే చింపకండి. మళ్లీ మీటింగ్ పెట్టి రద్దు చేస్తున్నట్టు రాసి సంతకాలు తీసుకోండి. పిన్నిగారికి కోర్టు దాకా వెళ్లాల్సి వస్తే, ఆడవాళ్లకి ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరుని ఇస్తుంది. ఫోన్ నంబరు 15100.